ఒక మీట కుడికి

జోంబాలో, యూనివర్సిటీ గేటుకెదురుగా
జాకరాండా చెట్టుకీ బ్యాటరీల కొట్టుకీ మధ్య
నా ఫోటోకాపీ గది.
జూన్‌లో చిపెరోని జల్లు కొండ దిగిందంటే
కాగితాలు చెమ్మగిల్లి మిషన్ గొంతులో అడ్డం పడతాయి.

పిల్లలు ఆఖరి రాత్రే వస్తారు,
ఎర్రబడ్డ కళ్ళు, మెడలో తాయెత్తులా పెన్‌డ్రైవ్.
"అంతా అయిపోయిందమ్మా,
ఆధారాల పట్టిక ఒక్కటే."
ఎప్పుడూ ఆ ఒక్కటే మిగులుతుంది,
విందయ్యాక అంట్లు మిగిలినట్టు.

నేను చదివింది ఎనిమిదో తరగతి.
అయినా నాకు తెలుసు:
ఇంటిపేరు ముందు, వెంటనే కామా,
పొడి అక్షరం, చుక్క, ఏడాదికి రెండు వైపులా గోడలు,
పుస్తకం పేరు వాలుగా,
రెండో వరస కాస్త లోపలికి జరిగి
పెద్దల వెనక నిలబడ్డ పిల్లలా.
ఆ పుస్తకాల్లో ఏముందో తెలీదు.
నిజం చెప్పొద్దూ,
తెచ్చినవాళ్ళలో చాలామందికీ తెలీదు.

ఎనభై మూడులో నాది టైపుమిషన్.
చిల్వా సరస్సు ఎండినప్పుడల్లా
వలలు భుజానేసుకుని మనుషులెటు పోతారో రాసి
ఒకాయన నూట పన్నెండు పేజీలు తెచ్చాడు.
చేతులు ఎండుచేపల వాసన.
పేరు నసియాయా.
తప్పు లేకుండా కొట్టిచ్చాను.

రెండేళ్ళకి, ఇంకొకరి పట్టికలో
ఆయన పేరొచ్చింది.
కరెంటు లేదు. కిరసనాయిలు దీపం.
వీపున కట్టుకున్న పిల్లాడు
పళ్ళొచ్చే జ్వరంతో గుక్కపట్టాడు.
నా వేలు ఒక మీట కుడికి జరిగింది.
మసియాయా.

తర్వాతివాడు ఆ పట్టిక చూసి దించాడు,
వాణ్ణి చూసి మరొకడు,
మక్కికి మక్కి.
పుటల మధ్య ఈగ చచ్చుంటే
ఇంకో ఈగని చంపి అతికించే రకం.

తొంభై ఒకటిలో నా కంటపడింది.
దిద్దలేదు.
ముగ్గురు డాక్టర్లు సంతకం పెట్టినదాన్ని
ఎనిమిదో తరగతి దిద్దుతుందా?

మసియాయా పెరిగాడు.
"మసియాయా వాదించినట్టు" అన్నారు,
"మసియాయాతో విభేదిస్తూ" అన్నారు.
పోయినేడు ఒకడు "మసియాయా తదితరులు" అని రాసుకొచ్చాడు.
పెళ్ళాం పిల్లలూ వచ్చేశారన్నమాట!
అసలాయన
మచింగా దగ్గరెక్కడో బడిపంతులు చేసి
పోయాడని విన్నాను.

మొన్న సోమవారం లుసుంగు వచ్చింది,
కరోంగా పిల్ల, గొడుగు కూడా లేదు.
పట్టిక నా ముందు పరిచి
గోరుతో ఆ వరస మీద గీసింది.
"ఈ పేరు తప్పమ్మా."
"నీకెలా తెలుసు?"
"తెరిచి చూశాను."

ఇన్నేళ్ళలో ఆ మాట
ఈ గదిలో వినపడ్డం మొదటిసారి.

లైబ్రరీ నేలమాళిగలో, విరిగిన కుర్చీల వెనకుందట.
వెనకట్ట మీద ఆఖరి ముద్ర ఎనభై ఐదు.
అరవై ఏడో పేజీ అంటుకుపోతే
బ్లేడుతో మెల్లగా విడదీసిందట.
లోపల ఈగ కాదు,
చేప పొలుసు.
కాగితంలో మడిచి తెచ్చింది, చూపించింది,
గోరంత, ఇంకా మెరుస్తోంది.

"ఈ తప్పు మొదట ఎవరు చేశారో
కనుక్కోవాలమ్మా" అంది.
మిషన్ వేడెక్కుతోంది.
బయట మినీబస్సువాడు లింబే, లింబే అని అరుస్తున్నాడు.
"నేనే" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
ముతాలీ, ఎంవులా, అందరినీ దాటించి
మసియాయాని కిందికి దించాం,
ఒక అక్షరం తుడిచి.
ఆ పేజీకి డబ్బులు తీసుకోలేదు.

గుమ్మం దాటి, జల్లులోంచి మళ్ళీ వెనక్కొచ్చింది.
"మీ ఇంటిపేరేంటమ్మా?"
"ఎందుకు?"
"పాదసూచికకి."

చెప్పాను.
ఒక్కో అక్షరం విడదీసి,
రెండుసార్లు.